తడవని సంతకం

కాగితం మధ్యభాగాన్ని కోటిరత్నం తన చేతిరుమాలుతో కప్పేసింది. పైన కాస్తా, కింద కాస్తా మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"అదేంటమ్మా, చదవడానికే గదా వచ్చారు?" అన్నాడు డాక్టర్ జ్ఞానానందం.

"చదవడానికి కాదండి, చూడడానికి వచ్చాను. ఇందులో ఏముందో రేపల్లెలో దారిన పోయేవాళ్ళంతా చదివేశారు. నేనొక్కదాన్ని చదవకపోతే కేసుకి వచ్చే నష్టం లేదు."

బాపట్లలో ఆ నర్సింగ్‌హోమ్ ఆయన సొంతం. బల్ల మీదున్నది ఆయన స్వహస్తంతో రాసిన కేస్ షీటు. మూడేళ్ళ కిందట రేపల్లె అమ్మాయి ఒకామె, తనింకా చదువుకుంటున్న రోజుల్లో, ఆయన దగ్గర వైద్యం చేయించుకుంది. తర్వాత ఆమె రేపల్లెలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. పోయిన ఫిబ్రవరిలో సూర్యలంక దగ్గర సరుగుడు తోటలో ఉన్న గెస్ట్‌హౌస్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది. ముద్దాయి ఆ స్కూలు యజమాని కొడుకు. తండ్రికి రైసుమిల్లు కూడా ఉంది. కొడుకు బెయిలు మీద బయటికొచ్చి దర్జాగా తిరుగుతున్నాడు.

ఈ జూలైలో తెనాలి సెషన్స్ కోర్టులో విచారణ మొదలవుతుందనగా, ఈ కేస్ షీటు జిరాక్సు కాపీలు రేపల్లె బస్టాండు గోడ మీదా, చర్చి ప్రహరీ మీదా వెలిశాయి. పై సగం కత్తిరించి కింది సగమే అంటించారు; అది ఎవరిదో మాత్రం నోటిమాటగా ఊరంతా పాకించారు. ముద్దాయి తరఫు లాయరు అదే సగాన్ని కోర్టులో కూడా దాఖలు చేశాడు. ఈ పిల్ల నడత ఇలాంటిది, తనంతట తానే ఇష్టపడి సూర్యలంక వచ్చింది, అన్నది వాళ్ళ వాదన. ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలా వద్దా అన్నది జడ్జి రేపు తేలుస్తాడు.

కోటిరత్నం సబ్ ఇన్‌స్పెక్టర్‌గా కొన్నాళ్ళు చేసి, రాజీనామా ఇచ్చి, తెనాలిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఆమెను ఇక్కడికి పంపింది ప్రాసిక్యూషన్‌కి సాయం చేస్తున్న తెనాలి అడ్వకేటు కనకదుర్గ. కనకదుర్గ ఈ కేసుతో ఊరుకోలేదు. అత్యాచారానికి గురైన ఆడవాళ్ళ వైద్యం కాగితాలు జడ్జి ఉత్తర్వు లేకుండా ఎవరూ ఇవ్వకూడదు, ఎవరూ తీసుకోకూడదు, ఇస్తే ఇద్దరికీ జైలు అని ఒక బిల్లు ముసాయిదా రాసి ఎమ్మెల్యే ఒకాయన చేతిలో పెట్టింది. "కాగితాలు బయటికి పోతున్నాయని నువ్వంటే చాలదమ్మా. ఎలా పోయిందో, పోతే ఏం జరిగిందో ఒక్కటి రుజువు చేసి చూపించు. సభలో నేను పెడతాను," అన్నాడాయన.

ఆ రుజువు ఈ రుమాలు అంచున ఎక్కడో ఉందని కోటిరత్నం నమ్మకం.

గోడ మీంచి ఒలిచి తెచ్చిన జిరాక్సు కాగితాన్ని అసలు దాని పక్కన పెట్టింది. దాని మీద కూడా రాతను కప్పేసి, చివరి సంతకం దగ్గర వేలు పెట్టింది.

"ఈ రెండు సంతకాలూ చూడండి డాక్టరు గారూ. మీవేనా?"

"నావే. రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఇది ఇలా, అది అలా ఎందుకున్నాయండి?"

జ్ఞానానందం కళ్ళజోడు సర్దుకుని వంగాడు. అసలు కాగితం మీద సంతకం నీలం మరకలా చెదిరిపోయి ఉంది. పై భాగమైతే మరీ అన్యాయం, అక్షరం మిగలలేదు. జిరాక్సులో సంతకం మాత్రం నిన్న పెట్టినట్టు గీతగీతా కనిపిస్తోంది.

"నేను సిరా పెన్నుతో రాస్తానమ్మా. పోయిన దీపావళికి ముసురు పట్టింది చూడండి, అప్పుడు కాగితాల గది కారింది. ఆ అరలో ఉన్నవన్నీ తడిశాయి."

"ఆ గది చూడాలండి."

గది మెట్ల కింద ఉంది. తలుపుకి గొళ్ళెమే గానీ తాళం లేదు. కోటిరత్నం ముందు తలెత్తి చూసింది. కప్పు మూలన సిమెంటుతో మెత్తిన చోటు రంగు మారి ఉంది. దాని కిందే ఇనప అర. అందులోంచి ఒక కట్ట దింపి, విప్పకుండానే అంచులు వేళ్ళతో తిప్పి చూసింది. ప్రతి కాగితం పైఅంచునా, కిందా అదే నీలం చార. పక్క అరలో కట్టలకి ఏమీ కాలేదు.

"కారిన చోటు ఎప్పుడు బాగుచేయించారు?"

"ముసురు వెలియగానే మేస్త్రీని పిలిపించాను. మళ్ళీ కారలేదు."

"పై భాగంలో మామూలుగా ఏం రాస్తారండి?"

"పేరు, వయసు, ఊరు. వెంట ఎవరొచ్చారన్నది."

"ఈ అమ్మాయి వెంట ఎవరొచ్చారో గుర్తుందా?"

"లేదమ్మా. మూడేళ్ళయింది. కాగితంలో ఉండాలి గానీ, అది ఇప్పుడు దేవుడిక్కూడా కనబడదు."

కోటిరత్నం కట్టను ఉన్నచోటే పెట్టి చేతులు దులుపుకుంది.

"తడిసిన కాగితాన్ని జిరాక్సు తీస్తే తడిసినట్టే వస్తుంది డాక్టరు గారూ. సంతకం ఇంత శుభ్రంగా వచ్చిందంటే, కాపీ తీసింది దీపావళి ముందు. ఆ అమ్మాయి మీద అఘాయిత్యం జరిగింది ఫిబ్రవరిలో. కేసు వచ్చాక తమని తాము కాపాడుకోడానికి వెతికి తెచ్చిన కాగితం కాదిది. కేసు కంటే ముందే వాళ్ళ జేబులో ఉంది."

జ్ఞానానందం అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి కాంపౌండర్‌ని తనే పిలిచాడు.

కాంపౌండర్ వీరరాఘవయ్య వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గది తలుపు తెరిచి ఉండడం చూసి ముఖం వాడిపోయింది.

"బాబాయ్ గారూ, పోయిన ఏడాది దీపావళికి ముందు ఈ అరలోంచి కాగితం ఎవరికిచ్చారు?" అంది కోటిరత్నం.

"ఇవ్వకూడదని చట్టం ఏమన్నా ఉందాండి?"

"లేదు. ఉంటే మిమ్మల్ని అడగడానికి నేను కాదు, పోలీసులు వచ్చుండేవాళ్ళు. భయపడకుండా చెప్పండి."

"ఉద్యోగం విచారణ అన్నారండి. అమ్మాయిని పనిలోకి తీసుకుంటున్నాం, ఆరోగ్యం ఎలాంటిదో చూసుకోవాలన్నారు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చిచ్చారు. అందులో తప్పేముంది అనుకున్నాను."

"ఎవరాయన?"

"పెద్ద హోదాలో చేసినాయనండి. ఆయన కూర్చున్నంతసేపూ నేను నుంచునే ఉన్నాను. పేరు మాత్రం నా నోటితో చెప్పలేనండి. పిల్లలు గలవాణ్ణి."

"అక్కర్లేదు. ఆయన నోటితోనే చెప్పిస్తాను," అంది కోటిరత్నం.

* * *

రేపల్లెలో ఆ అమ్మాయి ఇంట్లో కిటికీలు మూసేసి ఉన్నాయి. తల్లి ఏసమ్మ తలుపు తీసి, మనిషిని గుర్తుపట్టాకే పక్కకి జరిగింది. అమ్మాయి చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కోటిరత్నం కుర్చీ వద్దని తనూ చాప మీదే కూర్చుంది.

"ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను తల్లీ. ఇష్టం లేకపోతే చెప్పకు. సూర్యలంక వెళ్ళకముందే ఆ కాగితం వాడి దగ్గర చూశావా?"

అమ్మాయి తల్లి వైపు చూసింది. ఏసమ్మ వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని ఆగిపోయింది.

"చూశానక్కా," అంది అమ్మాయి. "స్కూల్లోనే చూపించాడు. నా పేరూ అన్నీ ఉన్నాయి. సూర్యలంకలో మా గెస్ట్‌హౌస్ ఉంది, అక్కడికొస్తే తిరిగిచ్చేస్తాను, రాకపోతే మీ చర్చిలో పంచుతానన్నాడు. తీసుకుని వచ్చేద్దామనుకుని వెళ్ళాను."

"పోలీసులకి ఈ సంగతి చెప్పలేదేం?"

"చెప్తే, ఆ కాగితంలో ఏముందని అడుగుతారు గదా. అది చెప్పడం కన్నా, నా అంతట నేనే వెళ్ళానని అనుకుంటే అనుకోనీ అనిపించింది."

ఏసమ్మ గ్లాసు కింద పెట్టింది. వచ్చి కూతురి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు అప్పుడు జబ్బు చేసిన సంగతే తెలీదమ్మా," అంది కోటిరత్నంతో. "చర్చి గోడ మీద చూస్తే తెలిసింది."

"మరి అప్పుడు బాపట్ల ఎవరు తీసుకెళ్ళారు?"

"మా మేనత్త," అంది అమ్మాయి. "ఇంకెవరికీ తెలీదు. ఎవరికీ చెప్పనని బైబిలు మీద చెయ్యేసింది. చెప్పలేదు కూడా. పోయిన క్రిస్మస్‌కి ముందే ఆవిడ పోయింది."

కోటిరత్నం లేచింది.

"నువ్వు ఇప్పుడు చెప్పిన మాట రేపు జడ్జికి చెప్తే ముద్దాయి వాదన మొత్తం కూలిపోతుంది. తలుపులు మూసి విచారిస్తారు, బయటివాళ్ళు ఉండరు. చెప్పాలో వద్దో నీ ఇష్టం."

"ఎందుకు వెళ్ళానో చెప్తాను. కాగితంలో ఏముందో మాత్రం చెప్పను."

"ఎవరూ అడక్కుండా చూసే పూచీ కనకదుర్గగారిది. ఆవిడ సంగతి నీకు తెలీదు, కోర్టులో ఆవిడ లేస్తే పెద్ద పెద్ద లాయర్లు కూర్చుంటారు."

ఆ అమ్మాయి నవ్వలేదు గానీ, ముఖంలో బిగువు కొంచెం సడలింది.

* * *

రేపల్లె ట్రావెలర్స్ బంగళా వరండాలో రిటైర్డ్ డీఎస్పీ చెంచురామయ్య భోజనం ముగించి వక్కపొడి నములుతున్నాడు. ముద్దాయి తరఫున సాక్ష్యాలు పోగుచేస్తున్నది ఆయనే. ఒకప్పుడు కోటిరత్నానికి పై అధికారి. నేరం జరిగిన చోట ముందు ఏం చూడాలో ఆమెకి నేర్పింది కూడా ఆయనే.

"రా రత్నం. బాపట్ల నుంచేనా? ముసలి డాక్టరు ఏమన్నాడు?"

"కాగితం దొంగతనంగా పోయిందన్నారు సార్."

"దొంగతనమని ఎవరు నిరూపిస్తారు? చట్టం చదువుకో. నాలుగేళ్ళ కిందట వచ్చిన ఐపీసీ రెండువందల ఇరవై ఎనిమిది-ఏ సెక్షను ఏమంటోంది? ఇలాంటి కేసులో ఆడమనిషి పేరు బయటపెట్టకూడదంటోంది. గోడ మీద పేరుందా? లేదు. పై సగం కత్తిరించేశారు. కాగితాన్ని గురించి ఏ సెక్షనూ మాట్లాడదు."

"అందుకే కనకదుర్గగారు కొత్తది రాశారు సార్."

"రాయనీ. అది చట్టమయ్యేసరికి ఈ కేసులో తీర్పొచ్చి పాతబడుతుంది."

కోటిరత్నం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "పూర్తి కాగితం మీ దగ్గరుందా సార్?"

"లేదు. అరెస్టయ్యాక గదా నన్ను పెట్టుకున్నారు. లాయరుగారు నాకిచ్చింది కింది సగం. పై సగం నేను కంటితో చూడలేదు."

"రేపు బోనెక్కి అదే చెప్తారా?"

"ఎక్కడైనా చెప్తాను."

"అయితే మీ కేసు పోయినట్టే సార్. పేరు లేని కాగితం ఎవరిదైనా కావచ్చు. ఆ అమ్మాయి అసలు ఆ నర్సింగ్‌హోమ్ గుమ్మం తొక్కలేదని తల్లి ప్రమాణం చేసి చెప్తుంది. జడ్జి విసిరి అవతల పారేస్తాడు."

చెంచురామయ్య నవ్వాడు. పాతరోజుల్లో కుర్ర ఎస్సైలను చూసి నవ్వినట్టే నవ్వాడు.

"తల్లికేం తెలుసు? తల్లికి తెలీకుండా మేనత్తని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ మేనత్తని బోనెక్కిస్తే..."

"ఆవిడ చనిపోయింది సార్."

"అయితే ఏమైంది?"

"బతికుండగా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి ఇవాళ నాకు చెప్పేదాకా కన్నతల్లికి కూడా తెలీదు. డాక్టరుగారికి గుర్తులేదు. మేనత్త వెంట వచ్చిందన్న ముక్క రాసి ఉన్నది ఆ కాగితం పై సగంలో. ఆ పై సగం పోయిన దీపావళి వానకి కొట్టుకుపోయింది. ఇప్పుడు అసలు కాగితం తెచ్చి చూసినా అక్షరం కనబడదు. వాన కంటే ముందు ఆ కాగితమో, అప్పుడు తీసిన పూర్తి కాపీయో చూసినవాడికే ఆ సంగతి తెలియాలి. పై సగం కంటితో చూడలేదని ఇప్పుడే అన్నారు మీరు."

చెంచురామయ్య వక్కపొడి నమలడం మానేశాడు.

"కాంపౌండర్ పెద్ద హోదాలో చేసినాయన అన్నాడు గానీ మీ పేరు చెప్పలేదు సార్. మీ మీద భయం వాడికింకా పోలేదు. మీరే చెప్పారు."

ఆయన లేచి, పిట్టగోడ దాకా వెళ్ళి, నోట్లోది ఉమ్మేసి తిరిగొచ్చాడు.

"స్కూల్లో టీచర్లుగా తీసుకునే అమ్మాయిల గురించి విచారించమన్నాడు పెద్దాయన. రిటైరయ్యాక ఇలాంటి విచారణలే నా పని. ఆరోగ్యం, నడత, కుటుంబం, అన్నీ కావాలన్నాడు. తెచ్చిచ్చాను. కొడుకు చేతికి పోతుందని అనుకోలేదు రత్నం, నమ్మితే నమ్ము."

"నమ్ముతాను. ఫిబ్రవరిలో విషయం తెలిశాక ఏం చేశారు?"

"ఏం చేసేది? కాగితం ఎలా బయటికొచ్చిందని మొదలైతే ముందు నేనే దొరుకుతాను. ముప్పై ఏళ్ళ సర్వీసు. ముద్దాయి పక్షానే ఉంటే ఆ ప్రశ్న ఎవరూ అడగరనుకున్నాను."

"నేనడిగాను సార్."

"అవును. నీకు నేర్పినవాణ్ణి నేనే గదా." ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

కోటిరత్నం బంగళా ఆఫీసు గదిలోకి వెళ్ళి తెనాలికి ఫోన్ చేసింది. సంతకం సంగతి, కప్పు కారిన సంగతి, అమ్మాయి చెప్పబోయే మాట, అన్నీ వరసగా చెప్పింది. అవతల కనకదుర్గ మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది.

"అయితే ఇష్టపడి వెళ్ళిందన్న మాట ఇక లేదన్నమాట."

"లేదండి. కాగితం చూపించి రప్పించాడు. మీ బిల్లుకి కావలసిన రుజువు కూడా ఇదే. కాగితం బయటికి రాకపోతే ఆ నేరమే జరిగుండేది కాదు."

"రత్నం, ఇవాళ రాత్రి నాకు నిద్ర పట్టదు. సంతోషంతోనే," అంది కనకదుర్గ.

ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చేసరికి చెంచురామయ్య అక్కడే, అదే కుర్చీలో ఉన్నాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ముఖం చూడగానే ఇంకా ఏదో మిగిలి ఉందని కోటిరత్నానికి అర్థమైంది.

"ఒక్కళ్ళదేనా సార్, మీరు తెచ్చింది?"

"నలుగురివి."

"మిగతా ముగ్గురూ?"

"ఇద్దరు ఉద్యోగంలో చేరలేదు, ఊళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఇంకొకటి..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొకటి పోయిన వారమే ఇచ్చాను. భట్టిప్రోలు అమ్మాయిది. కొత్త టీచర్ కావాలన్నారు."

"వాడు బెయిలు మీద బయటున్నాడని తెలిసి ఇచ్చారా?"

ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇల్లు తెలుసుగా? మీ జీపు తియ్యండి," అంది కోటిరత్నం.

* * *

భట్టిప్రోలులో కాలవకట్ట పక్కనున్న పెంకుటింటి ముందు ఒకావిడ వడియాలు ఎండబెట్టుకుంటోంది. జీపు ఆగడం చూసి కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆమె పేరు పున్నమ్మ. కోటిరత్నం కిందికి దిగి, తొందర కనబడకుండా అడిగింది.

"అమ్మాయి ఇంట్లో ఉందా పిన్నీ? స్కూలు ఉద్యోగం గురించి మాట్లాడాలి."

"అయ్యో, కాసేపు ముందొస్తే ఉండేదండి. సూర్యలంక వెళ్ళింది. దాని కాగితమేదో వాళ్ళ దగ్గర ఉండిపోయిందంట, తిరిగిస్తామన్నారంట. పొద్దున్నించీ ముఖం అదోలా పెట్టుకుంది, ఏంటే అంటే చెప్పదు."

"బస్సులో వెళ్ళిందా?"

"బస్సెందుకని స్కూలు బాబుగారే కారు తెచ్చారండి. తెల్లకారు. నన్ను కూడా అత్తయ్యా అని పిలిచాడు. మర్యాదస్తుడు. ఇదిగో, మీరొచ్చే ముందే బయల్దేరారు."

వెనక చెంచురామయ్య జీపులోంచి దిగి నిలబడిపోయాడు. పున్నమ్మ ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. చేతిలో వడియాల పిండి ఆరిపోతోంది.

"ఏంటమ్మా? ఏమైంది?"

"మీ అమ్మాయిని నేను తీసుకొస్తాను పిన్నీ. వచ్చాక దాన్నేమీ అడక్కండి. అన్నం పెట్టండి, అంతే." కోటిరత్నం వెనక్కి తిరిగింది. "సార్, చెరుకుపల్లి మీదుగానే వెళ్ళాలి గదా వాడు?"

"అవును. వేరే దారి లేదు. పద, నేను నడుపుతాను."

"మీరు రావద్దు. పోస్టాఫీసు ఎదురుగానే ఉంది. అక్కణ్ణించి చెరుకుపల్లి స్టేషన్‌కి ఒకటి, బాపట్ల స్టేషన్‌కి ఒకటి ఫోన్ చెయ్యండి. తెల్లకారు ఆపమనండి. ఎందుకు ఆపాలని వాళ్ళడుగుతారు. ఆ కాగితం వాడి చేతికి ఎవరిచ్చారో మీ పేరు పెట్టి చెప్పండి. అప్పుడే ఆపుతారు. ఇంకెవరు చెప్పినా మిల్లు కారుకి చెయ్యడ్డం పెట్టరు."

చెంచురామయ్య పెదవులు తడుపుకున్నాడు. పోస్టాఫీసు వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత జేబులోంచి జీపు తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, రోడ్డుకి అడ్డంగా, సైకిళ్ళని కూడా చూసుకోకుండా పరుగెత్తాడు.

ఆయన పోస్టాఫీసు మెట్లెక్కేలోపే కోటిరత్నం జీపు తిప్పింది. చెరుకుపల్లి రోడ్డు మీద, చాలా దూరాన, దుమ్ము ఇంకా తేలుతూనే ఉంది.